పదహారు మంచాలు, పదకొండు దిండ్లు

మా వార్డులో పదహారు మంచాలుండేవి. దిండ్లు పదకొండు. ఈ లెక్క తెలియకపోతే నేను చెప్పబోయేది అర్థం కాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. దిండు దొరకని అయిదుగురూ దుప్పటి మడిచి తల కింద పెట్టుకునేవాళ్లు. ఎవరికైనా కాలు ఎత్తులో ఉంచాల్సి వస్తే ఇంకొకరి తల కిందది లాగి పెట్టేవాళ్లం. వాళ్ల కాలు బాగుపడ్డాక ఆ దిండు మళ్లీ ఏదో ఒక తల కిందికి పోయేది. మధ్యలో గలేబు మార్చామా లేదా అన్నది ఆ రోజు గలేబులు ఉతికి వచ్చాయా లేదా అన్నదాన్నిబట్టి ఉండేది.

ఇది ఎనభైల నాటి మాట. గుంటూరులో ఒక ఆస్పత్రి, ఎముకల వార్డు, నేను ఆ వార్డు సిస్టర్ని. ఏ ఆస్పత్రో, ఎవరెవరో చెప్పను. కొందరు ఇప్పుడు లేరు, ఉన్నవాళ్లు ఒప్పుకోరు. నర్సింగు చదువుతున్న మా మేనకోడలి కూతురు, “మీ రోజుల్లో పెద్ద కేసేదైనా ఉంటే రాయండి అమ్మమ్మా, మా కాలేజీ పత్రికలో వేస్తాం” అని వెంటపడితే రాయడానికి కూర్చున్నాను. నేనెవరి ప్రాణమో నిలబెట్టిన కథ వస్తుందని వాళ్లు ఎదురుచూస్తున్నట్టున్నారు. నా దగ్గరున్నది దిండు కథ. అందులో నేను చేసిన గొప్ప పనేమీ లేదు, చేసిన తప్పు మాత్రం ఉంది.

అప్పటికి నాకు నలభై నిండలేదు. నా గొంతు వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి వినపడేది. దాన్ని నేను ఒక అర్హత అనుకునేదాన్ని. రోగికి ఒక మాట ఒక్కసారి గట్టిగా చెబితే చాలు, అర్థమైపోయినట్టే అని నా నమ్మకం. “అర్థమైందా?” అని అడుగుతాం కదా, వాళ్లు “అయిందమ్మా” అంటారు కదా. ఆ రెండు మాటల మధ్య ఏముందో చూడాలని నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

మిర్చి సీజన్ మొదలైన రోజులు. యార్డుకు పోయే లారీలు మా ఆస్పత్రి వెనక రోడ్డు మీదే వెళ్లేవి. గాలి ఇటు తిరిగిందంటే వార్డంతా ఒకటే తుమ్ములు. పక్కటెముకలు విరిగినవాళ్లు తుమ్ము వస్తుందంటే దేవుణ్ణి తలుచుకునేవాళ్లు. అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. అరవై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, గడ్డంలోనూ కనుబొమల్లోనూ దూది పీచులు. చిలకలూరిపేట రోడ్డు మీద సైకిల్ మీద వెళుతుంటే, అటూ ఇటూ పొంగిపోయేలా పత్తి కూరిన పెద్ద సంచులు, బోరేలు, కట్టిన లారీ ఒకటి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. లారీ తగల్లేదు, బోరెం తగిలింది. “పత్తే గదా అనుకున్నానమ్మా, రాయిలాగుంది” అన్నాడు నాతో. అదే ఆయన నాతో అన్న మొదటి మాట.

ఆయన దూది ఏకే మనిషి. ఊరూరా తిరిగి పాత పరుపులు విప్పి, దూదిని విల్లుతో ఏకి, మళ్లీ కూరి, కుట్టి ఇస్తాడు. ఆయన వెనకే భార్య వచ్చింది, భుజాన ఆ విల్లు వేసుకుని. మనిషి కంటే విల్లే పొడుగ్గా ఉంది. వార్డులోకి అలాంటివి తేకూడదని చెప్పాను. “బయట పెడితే ఎవరన్నా ఎత్తుకుపోతే మా ఇంటాయన మంచం దిగినా ఏం చేసుకోవాలమ్మా?” అంది. మంచం కింద పెట్టనిచ్చాను. అంతమాత్రం మంచితనం నాకు ఉండేదని మీరు గమనించాలి.

ఆయనకు తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. ఆ వయసులో అక్కడ విరిగితే అతకదు. ఎముక తల తీసేసి స్టీలు తల పెట్టాలి. మీకిప్పుడు ఇది రోజూ చూసే పని. మాకప్పుడు కొత్త, మా ఆస్పత్రిలో అది నాలుగోదో అయిదోదో. మా సర్జను గారు ఎక్కడో దూరం వెళ్లి నేర్చుకొచ్చిన పని. చెయ్యి మంచిది, నవ్వించడం కూడా తెలిసిన మనిషి. ఆపరేషను బాగా జరిగింది.

ఇక మా వంతు. ఆ కొత్త కీలు కుదురుకునేదాకా కొన్ని వారాలు కాళ్లు దగ్గరికి రాకూడదు. ఒకదాని మీద ఒకటి అసలే వేయకూడదు. గొంతుకూర్చోకూడదు. లేదంటే లోపల పెట్టిన తల తుంటి ఎముక గిన్నెలోంచి వెనక్కి జారిపోతుంది. మెలకువగా ఉన్న మనిషి తన కాళ్లను తాను చూసుకుంటాడు, నిద్రపోయాక ఎవరు చూస్తారు? అందుకే కాళ్ల మధ్య దిండు. వెల్లకిలా పడుకోవాలి, దిండు తొడల నుంచి పిక్కల దాకా ఉండాలి. ఇంతే వైద్యం. సర్జను గారు గంటన్నర చేసిన పనిని ఒక దిండు కాపాడాలి.

పక్క మంచం ఆయన తల కింద ఉన్న దిండు తీసి పెద్దాయన కాళ్ల మధ్య నేనే పెట్టాను. పక్క మంచం ఆయన ప్రత్తిపాడు వైపు రైతు, ముంజేయి విరిగింది. తల కింద దిండు లాగితే గొణుక్కున్నాడు గానీ ఊరుకున్నాడు.

“ఈ దిండు తీయకూడదు. పగలైనా, రాత్రయినా. అర్థమైందా?” అన్నాను.

పెద్దాయన దిండు వంక చూశాడు. “ఈ దిండేనా అమ్మా? ఇంకోటేదన్నా...”

“ఇదే. ఉన్నదే ఇది. అర్థమైందా?”

“అయిందమ్మా.”

నేను ముందుకు వెళ్లిపోయాను. ఈ రోజుకీ ఆ “ఇంకోటేదన్నా” అన్న మాట దగ్గర ఆగి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మెత్తటి దిండు కావాలంటున్నాడు కాబోలు అనుకున్నాను. దిండ్లు కుట్టేవాడు కదా, మా దిండు ఆయనకు ఆనలేదు కాబోలనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ఆయన పళ్లు బిగబట్టి పడుకుని ఉన్నాడు. దుప్పటి తీసి చూశాను. ఆపరేషను చేసిన కాలు రెండోదానికంటే పొట్టిగా కనిపిస్తోంది, మోకాలు లోపలికి తిరిగింది. దాని అర్థం ఏమిటో పుస్తకం చదివిన ఎవరికైనా తెలుసు. కాళ్ల మధ్య దిండు లేదు. చుట్టూ చూశాను. అది పక్క మంచం రైతు తల కింద ఉంది. రైతు హాయిగా నిద్రపోతున్నాడు.

వార్డు ఆయా అప్పుడే బకెట్టు పట్టుకుని వస్తోంది. ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాక ఇరవై ఏళ్లుగా ఆ ఆస్పత్రిలోనే పని. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ముందు వరుసలో ఉండేది, వార్డులో మాటకు మాట చెప్పడంలోనూ ముందు వరుసే. నాకూ ఆమెకూ మొదటినుంచీ అంతంతమాత్రం. దిండ్లు ఎవరికెప్పుడు మార్చాలో నన్ను అడగకుండా ఆమే తేల్చేసేది. నిజానికి నాకంటే బాగానే తేల్చేది, అదే నాకు కష్టంగా ఉండేది.

“ఈ దిండు ఇక్కడికెట్లా వచ్చింది?” అన్నాను.

“నేనే ఇచ్చానండి. తెల్లారి ఊడవడానికొచ్చినప్పుడు కిటికీలో ఉంది. ఈయన తల పక్కకి వాలిపోతా ఉంటే పెట్టాను.”

“కాళ్ల మధ్యనుంచి తీసి ఇచ్చావా?”

“కాళ్ల మధ్య నుంచి నేనెందుకు తీస్తానండీ? కిటికీలో ఉంటే తీశాను.”

“కిటికీలోకి దానంతటదే నడిచివెళ్లిందా?”

వార్డంతా లేచి కూర్చుని వింటోంది. ఆమె ఏదో అనబోయింది. అంతలో మంచం మీదనుంచి పెద్దాయన చెయ్యి ఎత్తాడు. నొప్పితో మాట సరిగా రావడం లేదు.

“అమ్మా, ఆవిడ కాదు...”

“మీరు మాట్లాడకండి, పడుకోండి” అన్నాను.

ఆయన చెయ్యి దించేశాడు. నేను ఆయాను అనాల్సినవన్నీ అన్నాను. ఒక మనిషి కాలు పోగొట్టావన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసు దేనికన్నాను. ఆమె బకెట్టు కింద పెట్టి, నిలబడి, మొత్తం విని, “అయిందాండి?” అని అడిగి బకెట్టు తీసుకుని వెళ్లింది. ఆ “అయిందాండి” నాకు మరీ మండింది. అప్పటికప్పుడు మేట్రన్ గారికి కాగితం రాసి పంపాను. సాయంత్రానికి ఆయాను వార్డునుంచి తీసేసి బట్టలుతికే చోటికి పంపారు.

పెద్దాయనకు మళ్లీ మత్తు ఇచ్చి సర్జను గారు కీలు లోపలికి తోశారు. అదృష్టం బాగుండి కొయ్యకుండానే ఎక్కింది. ఆయన థియేటర్లోంచి బయటికి వచ్చి మాస్కు తీసి, ఆ రోజు మాత్రం నవ్వకుండా నాతో అన్నారు: “సిస్టర్, మూడు వారాలు. మోకాలి కింద చర్మం చీరుకుపోయి ఉంది కాబట్టి కాలికి బరువు కట్టలేం. దిండే దిక్కు. ఇంకోసారి జారిందంటే లోపల పెట్టినది తీసేయడమే. కాలు రెండంగుళాలు పొట్టిదవుతుంది. ఊతకర్ర లేకుండా అడుగు వేయలేడు. ఆయన పనేంటి?”

“దూది ఏకుతాడండి. ఊళ్లు తిరిగి.”

“అయితే పని కూడా పోతుంది” అన్నారు.

ఈసారి నేను దిండును కాళ్ల మధ్య పెట్టి రెండు చోట్ల బ్యాండేజీతో కట్టేశాను. ఆయన భార్యకు కాపలా చెప్పాను. డ్యూటీలో ఉన్న ప్రతి నర్సుకీ చెప్పాను. సర్జను గారు రౌండ్సుకు వచ్చినప్పుడు పెద్దాయన మనసు కాస్త తేలిక చేద్దామని, “పెద్దాయనా, నీకిప్పుడు తలలు రెండు. పైనొకటి, తొడలో స్టీలుదొకటి. కింద తలకి దిండు వద్దా?” అన్నారు. జూనియర్లందరూ నవ్వారు. పెద్దాయన మర్యాదకు నవ్వాడు. ఆ మాట ఆయనకు ఏమీ ఎక్కలేదని కనపడుతూనే ఉంది.

రెండు రోజులు గడిచాయి. దిండు కట్టినచోటే ఉంది. కానీ ఆయన నిద్రపోవడం లేదు. రాత్రి డ్యూటీ నర్సు రాసిన చార్టులో రెండు రాత్రులూ ‘మేల్కొని ఉన్నాడు’ అని ఉంది. నొప్పికి మందు ఇచ్చినా అంతే. పగలు చూస్తే కప్పు వంక చూస్తూ పడుకుని ఉంటాడు, కళ్లు ఎర్రగా. అన్నం తినడం మానేశాడు. “ఏమయ్యా, నొప్పా?” అంటే “లేదమ్మా” అంటాడు. “మరేంటి?” అంటే “ఏం లేదమ్మా” అంటాడు. భార్యను అడిగితే, “ఆయనేం చెప్పడమ్మా. కోపమొస్తే దూదికి చెబుతాడు, మాకు చెప్పడు” అంది.

మూడో రోజు మధ్యాహ్నం. భోజనాలయ్యాక వార్డు మొత్తం కునికే వేళ. నేను క్యాంటీనుకు వెళ్లి, తాళంచెవులు మరిచిపోయానని మధ్యలోనే వెనక్కి వచ్చాను. ఆయన భార్య నేలమీద చాపేసుకుని నిద్రపోతోంది. పెద్దాయన మెల్లగా మోచేతి మీద లేచి బ్యాండేజీ ముడి విప్పుతున్నాడు. ఎంత నేర్పుగా విప్పుతున్నాడంటే నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. ముడి ఊడింది. కాలు కదలకుండా దిండును పైకి లాగాడు. భుజం మీది తువ్వాలు తీసి దిండును రెండు వైపులా తుడిచాడు. చేత్తో తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు, పుస్తకానికి కాలు తగిలితే మనం అద్దుకుంటామే, అలా. తర్వాత దాన్ని తల వైపున్న కిటికీలో నిలబెట్టాడు. ఆ వెంటనే కళ్లు మూసుకున్నాడు.

నేను పరుగున వెళ్లి ఆయన మోకాలు పట్టుకున్నాను. కాళ్లు దగ్గరికి రాలేదు, సరిగ్గానే ఉన్నాయి. అరవబోయి ఎందుకో అరవలేదు. బహుశా ఊపిరి అందక కావచ్చు. చేతికందిన దుప్పటి చుట్టి కాళ్ల మధ్య పెట్టి, అంతకాలం సర్వీసులో మొదటిసారిగా ఒక రోగి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“ఎందుకు తీశారు?” అన్నాను.

ఆయన కప్పు వంకే చూస్తూ చెప్పాడు.

“నలభై ఏళ్ల నుంచి దిండ్లు కుడతన్నానమ్మా. పెళ్లికి కుట్టాను, పురిటికి కుట్టాను. అన్నీ తల కిందకే. దిండు మీద కూకున్నాడని మా వాణ్ణి ఒకసారి కొట్టాను కూడాను. అట్టాంటిది కాళ్ల సందున నొక్కుకుని నేనెట్టా పడుకోను? కన్నంటుకుంటే ఒట్టు.”

“ఇది వైద్యం కదయ్యా. ఇందులో తప్పేముంది?”

“నా సంగతి సరే. రేపిదే దిండు ఎవరి కిందకి పోద్ది? ఆ రైతు తల కిందదే గదా మీరు తీశారు, మళ్లీ ఆయన తల కిందకే గదా పోయేది. నేనిక్కడ పడుకుని చూస్తానే ఉన్నానమ్మా. మొన్న ఆ మూల మంచం ఆయన పుండు కాలి కిందది, సాయంత్రానికి ఇంకొకాయన బుగ్గ కింద ఉంది. ఆయనకి తెలవదు. నాకు తెలుసు గదా. తెలిసి నేనెట్టా చేసేది? అందుకే తీసి, తుడిచి, పక్కన పెట్టాను. ఆయమ్మ చూసి మంచిదే గదా అని ఆయనకిచ్చింది. ఆవిడ తప్పేం లేదు.”

పదహారు మంచాలూ పదకొండు దిండ్లూ అన్న లెక్క నేను రోజూ రిజిస్టరులో రాసేదాన్ని. ఆ లెక్కకు అర్థం ఏమిటో మంచం మీద పడుకున్న మనిషికి తెలిసింది, నాకు తెలియలేదు. ఆయనది పిచ్చి పట్టింపు అని కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు. మా పాఠాల్లోనే ఉంది, ఒక రోగికి వాడింది కడగకుండా ఇంకొకరికి వాడకూడదని. నేను పరీక్షలో అది రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

“మరి ఆ రోజే ఈ మాట చెప్పలేదేం?” అన్నాను, ఇంకేమీ తోచక.

“చెప్పబోయానమ్మా. మీరు పడుకోమన్నారు.”

ఆయన నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడంతే. నిష్ఠూరంగా అన్నా బాగుండేది. నాకు సిగ్గేసింది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు పైకి ఏమీ అనలేదు.

“అయితే ఏం పెట్టమంటారు? మూడు వారాలు ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే కాలు పోతుంది. డాక్టరు గారు చెప్పింది విన్నారుగా.”

“దిండు గానిది ఏదైనా పెట్టండి. అయినా ఆ దిండు పనికి రాదమ్మా. మెత్తన. తెల్లారేసరికి రొట్టెలా అణిగిపోద్ది. ఈ దుప్పటి చుట్టా అంతే, జారిపోద్ది. ఎడం ఎంతుండాలో చెప్పండి, నేను చేస్తాను.”

నడుము కదపలేని మనిషి నాకు వైద్యానికి కావలసిన సామాను చేసిపెడతానంటున్నాడు. ఆ సాయంత్రం సర్జను గారితో ఇదంతా చెప్పాను. పూర్తిగా చెప్పలేదు, దిండు తీసింది ఆయనేనని చెప్పాను, ఎందుకు తీశాడో చెప్పాను, ఆయా సంగతి దాటేశాను. సర్జను గారు నేరుగా వార్డుకు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. మోకాళ్ల దగ్గర ఎంత దూరం ఉండాలో, మడమల దగ్గర ఎంతుండాలో చేతులతో చూపించారు. పెద్దాయన తన జానతో కొలిచాడు. కింద జానెడున్నర, మోకాళ్ల దగ్గర జానెడు, పైన బెత్తెడు. “అంటే సమోసా” అన్నారు సర్జను గారు. “తలుపు కదలకుండా సందులో కొట్టే చెక్క చీల అనుకోండయ్యా” అన్నాడు ఆయన.

మర్నాడు ఆయన భార్య ఊరికి వెళ్లి చారల పరుపు గుడ్డ, పాత దూది, దబ్బనం తెచ్చింది. బూరుగు దూది వద్దన్నాడట. అది తలకు బాగుంటుంది గానీ బరువు ఆగదు. ఏళ్ల తరబడి మనుషులు పడుకుని పడుకుని గట్టిపడ్డ పాత పత్తి దూది కావాలన్నాడట. వెనక వరండాలో ఆమె విల్లు పట్టుకుని ఏకుతుంటే ఆ ట్వంగ్ ట్వంగ్ మోత వార్డంతా వినపడింది. ఆస్పత్రిలో అలాంటి చప్పుడు, అలాంటి పీచు ఎగరడం నా చేతుల మీదుగా జరుగుతుందని ఎవరైనా ముందు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. పెద్దాయన మంచం మీదనుంచే చెవి పెట్టి విని, “దెబ్బ తేలిగ్గా పడతంది, ఇంకాస్త గట్టిగా” అని కేకేసేవాడు. “మంచాన పడ్డా పనేనా ఏందయ్యా, ఊరుకో” అని ఆమె బయటినుంచి.

ఆమె ఒక్కతే సంచి విప్పి పట్టుకుని, అంత గట్టిగా కూరలేకపోతోంది. ఇంకో జత చేతులు కావాలి. నేను మేట్రన్ గారి దగ్గరికి వెళ్లి, వార్డులో పని ఎక్కువగా ఉంది, ఆయాను తిరిగి పంపమని అడిగాను. ఎందుకు పంపేశానో, అది తప్పని ఇప్పుడు తెలిసిందనీ చెప్పలేదు. పని ఎక్కువగా ఉంది అని మాత్రమే చెప్పాను. ఆయా గంటలో వచ్చింది, చేతులు ఉతుకు సోడాతో పాలిపోయి ఉన్నాయి.

“పెద్దాయన...” అని మొదలుపెట్టాను.

“తెలుసులెండి. బట్టలుతుక్కోడానికొచ్చిన ఆయన పెళ్లాం చెప్పింది” అని నేరుగా వరండాలోకి వెళ్లి కూర్చుంది.

వాళ్లిద్దరూ మోకాళ్లతో తొక్కిపట్టి కూరారు. తీసుకొచ్చి చూపిస్తే పెద్దాయన పిడికిలితో గుద్ది చూశాడు. “చాల్లేదు, ఇంకా కూరు.” మళ్లీ తీసుకెళ్లారు. మూడోసారి గుద్దితే పిడికిలి దిగలేదు. అప్పుడు దబ్బనం ఇమ్మన్నాడు. నేను తల వైపు మంచం కొద్దిగా ఎత్తి పెడితే, మూతి తానే కుట్టాడు. కుట్టడం అయ్యాక నల్లదారం తీసుకుని దాని రెండు మొహాల మీదా పెద్ద ఇంటూ గుర్తులు వేశాడు. ఎందుకని అడిగాను.

“మసక వెలుతుర్లో ఎవరన్నా తల కింద పెడతారేమోనమ్మా. ఇది దిండు కాదని తెలియాలి గదా.”

దాన్ని కాళ్ల మధ్య పెట్టాను. కట్టాల్సిన పనే లేకపోయింది. ఆ చీల అక్కడ కూర్చుంది, కాళ్లు వాటి చోటికి వెళ్లాయి. రెండు నిమిషాల్లో ఆయన నిద్రపోయాడు. భోజనాల బండి గణగణలాడుతూ వచ్చినా లేవలేదు. ఆ గురక మోతకు పక్క మంచం రైతు, “నా దిండు నాకు ఇచ్చెయ్యండి, చెవులైనా మూసుకుంటాను” అన్నాడు. పెద్దాయన సాయంత్రం దాకా నిద్రపోయాడు. నేను డ్యూటీ అయిపోయాక కూడా కాసేపు ఉండి చూశాను.

మూడు వారాలకు ఎక్స్‌రే తీశారు. స్టీలు తల గిన్నెలో ఉండాల్సిన చోటే ఉంది. కర్ర పట్టుకుని మొదటి అడుగు వేసినప్పుడు ఆయన భార్య ఒకవైపు, ఆయా ఒకవైపు ఉన్నారు. నేను చార్టు పట్టుకుని ఎదురుగా ఉన్నాను. ఇంటికి పంపేటప్పుడు కింద కూర్చుని ఏకకూడదని చెప్పాం. ఈసారి “అర్థమైందా?” అని ఊరుకోలేదు, “మరి ఎట్లా చేస్తారు?” అని అడిగాను. విల్లును దూలానికి వేలాడగట్టి, ఎత్తు పీట మీద కూర్చుని ఏకుతానన్నాడు. ఊళ్లు తిరగడం మానేసి ఇంటి దగ్గరే చేస్తానన్నాడు. అలాగే చేశాడని తర్వాత తెలిసింది.

రెండు నెలల తర్వాత చూపించుకోవడానికి వచ్చాడు. చిలకలూరిపేట నుంచి బస్సులో నిలబడే వచ్చాడట, ఆ సీట్లు పల్లమని. చంకలో ఒక దిండు. తెల్లటి బూరుగు దూది దిండు, అంచులకు ఎర్ర దారం. అది వార్డుకు అనుకుని చెయ్యి చాపాను. ఆయన నన్ను దాటి వెళ్లి ఆయాకు ఇచ్చాడు.

“నా మూలాన మాట పడ్డావు తల్లీ” అన్నాడు.

ఆమె రెండు చేతులతో పుచ్చుకుంది. దాన్ని వార్డు సామానులో కలపాలని, పన్నెండో దిండుగా రిజిస్టరులో రాయాలని నా నోటిదాకా వచ్చింది. అది ఆమెకు నా మొహంలో కనిపించింది.

“ఇది వార్డుకు ఇవ్వనండి. నా తలకి” అంది.

ఆ రోజు డ్యూటీ దిగేటప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని నా ముందునుంచే గేటు దాటింది. మేం తర్వాత తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. నా పద్ధతి మారింది. దిండ్లకోసం ఆఫీసుతో పోట్లాడాను, గలేబు మార్చకుండా దిండు మంచం దాటకూడదని రూలు పెట్టాను. ఆ నల్ల గుర్తుల చీల కూడా వార్డులో చాలాకాలం ఉంది, గుడ్డ మార్చుకుంటూ ఎందరి కాళ్లో కాసింది. ఆయాతో అన్నీ మాట్లాడేదాన్ని, ఆ ఒక్కటీ తప్ప. ఆ రోజు నేనన్నది తప్పు అని ఆమెతో చెప్పలేదు. సమయం రాలేదని అనుకుంటూ ఉన్నాను. ఆమె రిటైరైంది, ఆ తర్వాత కొన్నేళ్లకు పోయింది. సమాధుల తోటకు వెళ్లాను. అక్కడ చెప్పినా వినేవాళ్లు లేరు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను గానీ, ఇంకొక సంగతి ఉంది. పోయినేడు నాకూ తుంటి మార్చారు. కొత్త ఆస్పత్రి, ఏసీ గది, మంచానికి ఒకటి కాదు మూడేసి దిండ్లు. కాళ్ల మధ్యకు నీలంరంగు ఫోము చీల, పట్టీలతో సహా. చూడగానే గుర్తుపట్టాను, ఇంటూ గుర్తులు లేవంతే. నా పక్కన తోడుండటానికి ఒక మనిషిని కుదిర్చారు. నలభై ఏళ్లావిడ, చీరాల వైపు. మూడో రోజు మధ్యాహ్నం మగతలో నేనే పట్టీలు లాగి, ఆ ఫోమును తీసి పక్కన పడేశాను. పెద్దాయనకున్న కారణం నాకు లేదు. నాకు ఉక్కపోసింది, అంతే. ఇరవయ్యేళ్లు ఆ ఒక్క పని చేయొద్దని లోకానికి చెప్పినదాన్ని.

డ్యూటీ నర్సు వచ్చి చూసింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, చురుకైన పిల్ల, గొంతు గట్టిది. నేలమీద ఫోము చూసింది, తోడు మనిషిని చూసింది. “నువ్వెందుకున్నావిక్కడ? ఎందుకు తీశావు? కాలు జారితే ఎవరిది బాధ్యత?” అని మొదలుపెట్టింది. ఆమె, “నేను తీయలేదు మేడం” అంటూనే ఉంది.

“అమ్మాయ్, ఆవిడ కాదు...” అన్నాను.

“మీరు మాట్లాడకండి, పడుకోండి.”

ఒక్క మాట తేడా లేదు. ఆ కేక నాదే అనిపించింది.

నేను పడుకోలేదు. మంచం కమ్మీ పట్టుకుని, ఆ పిల్ల నా వైపు తిరిగేదాకా మళ్లీ మళ్లీ చెప్పాను: “తీసింది నేనే. ఆవిడ కాదు. తీసింది నేనే.” నా పాత గొంతు ఇంకా కాస్త మిగిలే ఉంది. ఆ పిల్ల ఆగింది. నా కాళ్ల మధ్య చీల సరిగ్గా పెట్టి పట్టీలు బిగించింది. తర్వాత తోడు మనిషి వైపు తిరిగి, “సారీ అక్కా, నువ్వనుకున్నాను” అంది. ఆవిడ “పర్లేదు మేడం” అంది. నర్సు వేరే గదికి వెళ్లిపోయింది.

ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆ రెండు మాటలకు పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు.